అడుగులా, మీటర్లా? ఇల్లు కట్టేవారికి ఏ కొలత పనికొస్తుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విశాఖలో మధురవాడ వైపు 36 అడుగులు, 60 అడుగుల లెక్కన 240 గజాల స్థలం కొన్నారు. ఇల్లు మొదలుపెట్టబోతున్నారు. మీ దస్తావేజు గజాల్లో ఉంది, లింకు దస్తావేజు (మీకు అమ్మినవారి పాత దస్తావేజు) సెంట్లలో ఉంది, ప్లాను మీటర్లలో గీశారు, మేస్త్రి అడుగులు తప్ప మాట్లాడరు, ఇనుము మిల్లీమీటర్లలో వస్తుంది, కలప ఘనపు అడుగుల్లో అమ్ముతున్నారు. పనంతా మెట్రిక్‌లోనే జరగాలని పట్టుబట్టాలా, లేక ‘పాత కొలతలే మనిషికి సులువు, మీటర్లు ఆఫీసు కాగితాలకే’ అంటున్న మీ మామయ్యగారి మాట వినాలా అని అడిగారు. గదుల కొలతలకు వాస్తు చూపిస్తామనీ, మీ తమ్ముడు ఫ్లాటు కొంటున్నాడనీ కూడా రాశారు. నేను విశాఖలో ఇళ్ళ ప్లాన్లు గీసి, దగ్గరుండి కట్టించే పనిలో ఉన్నాను. ఈ గందరగోళం నాకు రోజూ ఎదురయ్యేదే కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు: మాటలు అడుగుల్లో సాగనివ్వండి. గీత, కోత, లెక్క, బిల్లు మాత్రం మిల్లీమీటర్లలో, కిలోల్లో, లీటర్లలో ఉంచండి. ఏ కొలతనైనా ఒక్కసారే మార్చండి, అదీ పూర్తి అంకెతో మార్చండి. ఇంటి పనిలో నేను చూసిన కొలతల తగాదాల్లో ఎక్కువ భాగం అడుగు వల్లో మీటరు వల్లో వచ్చినవి కావు. అడుగును మీటరు చేసి, దాన్ని గుండ్రం చేసి, మళ్ళీ అడుగుల్లోకి తెచ్చి, మళ్ళీ గుండ్రం చేసిన చోట వచ్చినవి.

మీ మామయ్యగారి మాటలో కొంత నిజం ఉంది. అయితే ఆయన ‘పాత కొలతలు’ అంటున్నవి రెండు వేర్వేరు తరాలవి. సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి, వీశె, మణుగు, జాన, మూర, బార – ఇవి నిజంగా మన ఊళ్ళవి. ఇవి ఒకదానికొకటి చక్కగా కలిసేవి: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. సగం, పావు చేసుకోవడానికి ఇంతకంటే సులువైన వరస లేదు. ఇబ్బందల్లా ఒక ఊరి కుంచం ఇంకో ఊరి కుంచంతో సరిపడకపోవడమే. ధాన్యం ఊరు దాటితే తగువే. అడుగు, గజం, ఎకరం, సెంటు మాత్రం ఇంగ్లీషువారి పాలనతో స్థిరపడినవి. ఇప్పుడు మనం గజం అంటున్నది మూడు అడుగుల ఇంగ్లీషు గజమే.

మన దేశంలో మెట్రిక్ చట్టం 1956లో వచ్చింది. 1958 అక్టోబరు నుంచి అంచెలంచెలుగా అమలు చేసి, 1962 ఏప్రిల్ 1 నుంచి బరువులకు తప్పనిసరి చేశారు. సేరు, వీశె బజారు నుంచి వెళ్ళిపోయాయి. వాటిని పోగొట్టుకుని ఇబ్బంది పడ్డవాళ్ళెవరూ ఇప్పుడు కనిపించరు. వెళ్ళనివి అడుగు, అంగుళం, గజం, సెంటు. ఎందుకు నిలిచాయో చూస్తే, ఎక్కడ వాటిని ఉంచాలో ఎక్కడ తీసెయ్యాలో తెలుస్తుంది.

అడుగు నిలిచింది చేతికి, కంటికి సరిపోవడం వల్ల. గదిని చూసి ‘పది పన్నెండు అడుగులు ఉంటుంది’ అని ఎవరైనా అంచనా వేయగలరు. ‘మూడున్నర మీటర్లు’ అని ఠక్కున చెప్పేవారు తక్కువ. పన్నెండు అంగుళాలు రెండుగా, మూడుగా, నాలుగుగా, ఆరుగా మిగులు లేకుండా విడిపోతాయి. నాలుగు అడుగుల కిటికీకి మూడు రెక్కలు పెట్టమంటే వడ్రంగి మనసులోనే ఒక్కొక్కటి 16 అంగుళాలు అనేస్తాడు. పైగా మన సామానే ఆ కొలతలకు తయారైంది. ఇటుక 9 అంగుళాలు, గోడ 9 లేదా నాలుగున్నర అంగుళాలు. ప్లానులో అవే 230, 115 మిల్లీమీటర్లుగా కనిపిస్తాయి. ప్లైవుడ్డు ఎనిమిదికి నాలుగు అడుగులు, దాని మందం మాత్రం 18 మిల్లీమీటర్లు. రెండు వ్యవస్థలు ఒకే చెక్క మీద ఏ గొడవా లేకుండా కాపురం చేస్తున్నాయి, ఎందుకంటే ఆ రెండింటినీ ఎవరూ ఒకదానిలోంచి ఒకదానిలోకి మార్చే పని పెట్టుకోలేదు.

ఒంటికి సంబంధించిన కొలతలకైతే నేను టేపు కంటే మనిషినే నమ్ముతాను. వంటగట్టు ఎత్తు ఎంత పెట్టాలని అందరూ అడుగుతారు. పుస్తకంలో ఒక అంకె ఉంటుంది. నేను మాత్రం ఆ ఇంట్లో ఎక్కువగా వండేవారిని నిలబెట్టి, మోచేయి మడిచి, అక్కడినుంచి బెత్తెడున్నర కిందికి గీత గీస్తాను. పొట్టిగా ఉన్న ఇల్లాలికి 850 మిల్లీమీటర్ల గట్టు కట్టి, ‘ఇది ప్రమాణం’ అంటే ఆవిడ భుజాలు జీవితాంతం నొప్పి పడతాయి. గీత గీశాక మాత్రం దాన్ని టేపుతో కొలిచి మిల్లీమీటర్లలో రాస్తాను. రాయి కోసేవాడికి బెత్తెడు ఇస్తే, అతని బెత్తెడు వేరు.

ఇక మీటరు ఎక్కడ గెలుస్తుందంటే, మొదట రాతలో. అడుగుల్లో రాసేటప్పుడు మనవాళ్ళు అడుగుకీ అంగుళానికీ మధ్య చుక్క పెడతారు. దస్తావేజులో ‘33.10 అడుగులు’ అని ఉంటే అది 33 అడుగుల 10 అంగుళాలా, లేక 33 అడుగుల మీద పదో వంతా? రెండోవైపు 54 అడుగులు అనుకోండి. మొదటి అర్థంలో 203 గజాలు వస్తుంది, రెండో అర్థంలో 198 గజాల చిల్లర. నాలుగు గజాలకు పైగా తేడా, అదీ ఒక్క చుక్కతో. మధురవాడలో నాలుగు గజాల విలువ మీకు తెలుసు. అందుకే నా దగ్గరకు వచ్చే ప్రతివారికీ చెబుతాను: అడుగులకు, అంగుళాలకు మధ్య చుక్క పెట్టకండి. ‘33 అడుగుల 10 అంగుళాలు’ అని అక్షరాల్లో రాయించండి. పక్కన మీటర్లు కూడా రాయిస్తే సందేహానికి తావే ఉండదు. మిల్లీమీటర్లలో ఈ బెడదే లేదు: 10312 అంటే 10312, దానికి రెండో అర్థం లేదు.

రెండోది నీళ్ళ లెక్క. 1.8 మీటర్లు, 1.5 మీటర్లు, 1.2 మీటర్ల సంపు కడితే మూడూ గుణించండి, 3.24, అంటే 3,240 లీటర్లు, దాని బరువు 3,240 కిలోలు. అడుగుల్లో అయితే ఘనపు అడుగులు తీసి 28.3తో గుణించాలి, బరువుకు మళ్ళీ ఇంకో లెక్క. వాన నీరు కూడా అంతే: ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల డాబా మీద 60 మిల్లీమీటర్ల వాన కురిస్తే 6,000 లీటర్లు. ఇంకుడు గుంత ఎంత తవ్వాలో మీరే నోటితో లెక్క కట్టుకోవచ్చు. తుపాను రోజుల్లో వార్తల్లో చెప్పే వర్షపాతాన్ని మీ డాబాతో గుణించి చూడండి, నీళ్ళు ఎంత వృథాగా వీధిలోకి పోతున్నాయో తెలిసి బాధ కలుగుతుంది. వార్తాపత్రికల్లో టీఎంసీ అని చదువుతాం కదా, అది వంద కోట్ల ఘనపు అడుగులు. అది 2,832 కోట్ల లీటర్లు అని రాస్తే ఎంతమందికి ఎన్ని రోజులు సరిపోతుందో పాఠకుడే లెక్క వేసుకోగలడు. జలాశయాల దగ్గర ఈ పాత ప్రమాణం ఇంకా ఎందుకు ఉండాలో నాకు నచ్చే కారణం కనబడలేదు.

ఇప్పుడు అసలు ప్రమాదం ఎక్కడుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఆనందపురం వైపు ఒక ఇంటివారు మెట్లు చూడమని పిలిచారు. పైకి వెళ్ళేటప్పుడు అందరూ చివరి మెట్టు దగ్గర తడబడుతున్నారు. ఆ ఇంట్లో పెద్దావిడ ఒకసారి పడ్డారు కూడా. ప్లానులో అంతస్తు ఎత్తు 3,000 మిల్లీమీటర్లు, 20 మెట్లు, ఒక్కొక్కటి 150. స్లాబు వేసిన బృందం 3,000కు సరిగ్గా వేసింది. మెట్లు కట్టిన మేస్త్రి వేరే ఆయన. 150 అంటే ఆయనకు ఆరు అంగుళాలు. ఆరు అంగుళాలంటే 152.4 మిల్లీమీటర్లు. ఒక్క మెట్టులో ఆ తేడా కంటికి ఆనదు. కానీ 19 మెట్లు ఎక్కేసరికి 2,896 మిల్లీమీటర్ల దగ్గర ఉంటారు, మిగిలిన చివరి మెట్టుకు 104 మాత్రమే. కాలు ఆరు అంగుళాలకు అలవాటుపడి లేస్తుంది, అక్కడ నాలుగే ఉంటాయి. మెట్లు ఇటుకతో కట్టినవి కాబట్టి సరిపోయింది. పై మెట్లను చెక్కించి, ఆఖరి ఆరు ఎత్తులనూ ఒక్కొక్కటి సుమారు 144కు తెచ్చాం. ఇక్కడ మేస్త్రి పనితనానికి వంక పెట్టలేను. మొత్తం మెట్లు అంగుళాల్లోనే, అంతస్తు పది అడుగులే అయితే, 20 మెట్లు అతికినట్లు సరిపోయేవి: పది అడుగులంటే 120 అంగుళాలు. ఒక పనికి రెండు కొలతలు కలిశాయి, అంతే జరిగింది.

అందుకే నా నియమం: ఒకే కొలత చాలాసార్లు మళ్ళీ మళ్ళీ వచ్చే పనుల్లో – మెట్లు, టైల్స్, గ్రిల్లు చువ్వలు, స్లాబు ఇనుము – ఒక్కో ముక్కను కొలుచుకుంటూ పోనివ్వకండి. మొత్తం పొడవును ముందు గోడ మీద గుర్తు పెట్టించి, దాన్ని సమానంగా భాగించి గీతలు గీయించండి. అప్పుడు అడుగైనా మీటరైనా ఒకటే.

మీ 240 గజాల విషయానికి వద్దాం. ఇది మీకు చాలా ముఖ్యం. చదరపు గజాన్ని చదరపు మీటర్లలోకి మార్చడానికి బజారులో మూడు పద్ధతులు నడుస్తున్నాయి. కొందరు 0.83తో గుణిస్తారు: మీకు 199.2 వస్తుంది. కొందరు 1.2తో భాగిస్తారు: సరిగ్గా 200. అసలు అంకె 0.83613: దానితో 200.67. భవన నిర్మాణ నిబంధనల్లో స్థలం విస్తీర్ణాన్ని బట్టి అంచెలు ఉంటాయి. వాటి హద్దులు 100, 200, 300 చదరపు మీటర్లు ఇలా పోతాయి. చుట్టూ వదలాల్సిన ఖాళీ ఏ అంచెలో పడతామన్న దాన్ని బట్టి మారుతుంది. అంటే మీరు సరిగ్గా గీత మీద ఉన్నారు. 0.83 పట్టుకున్న వ్యక్తి మీకు ఒక ఇల్లు గీసిస్తాడు, 0.83613 పట్టుకున్న అధికారి ఇంకో ఇల్లు అడుగుతాడు. దరఖాస్తు వెనక్కి వచ్చాక గదులు కుదించుకోవడం కంటే, ఇప్పుడే స్థలాన్ని కొలిపించి, చదరపు మీటర్లలో ఎంత వస్తుందో రెండు దశాంశ స్థానాల వరకు రాయించుకుని, ఆ నాటికి అమల్లో ఉన్న పట్టికతో సరిచూసుకోండి. రోడ్డు వెడల్పు సంగతీ ఇదే. 40 అడుగుల రోడ్డంటే 12.19 మీటర్లు, 12 మీటర్ల నిబంధనకు సరిపోతుంది. నేల మీద కొలిస్తే 39 అడుగులే ఉందనుకోండి, 11.89. అమ్మినవారు ‘40 అడుగుల రోడ్డు’ అన్న మాట అక్కడ చెల్లదు.

సెంట్లలో ఉన్న మీ లింకు దస్తావేజు చూసి భయపడకండి. ఒక సెంటు 48.4 గజాలు. పాత దస్తావేజులో 5 సెంట్లు అని ఉంటే 242 గజాలు కావాలి. మీకు 240 అమ్మారంటే ఆ రెండు గజాలు ఎటు పోయాయో అడగవచ్చు. చాలాసార్లు గుండ్రం చేసి ఉంటారు, కొన్నిసార్లు రోడ్డులో కలిసి ఉంటుంది. సెంటు గురించి ఒక మంచి విషయం చెప్పాలి. పాత సర్వేలో వాడిన గొలుసు 66 అడుగుల పొడవు, దానికి 100 లింకులు. గుంటర్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు 17వ శతాబ్దిలో రూపొందించినది. పది చదరపు గొలుసులు ఎకరం. వెయ్యి చదరపు లింకులు సెంటు. అందుకే పాత పటంలో ఒక పొలం 220 లింకులు, 150 లింకులు అని ఉంటే గుణించి 33,000, మూడు సున్నలు తీసేస్తే 33 సెంట్లు. మీటర్ల మాదిరి పదుల లెక్కే! 66 అడుగులన్న వికారమైన పొడవు అందుకే పుట్టింది. మీ లింకు దస్తావేజు వెనుక ఉన్న సర్వే పటంలో కొలతలు లింకుల్లో ఉంటే వాటిని అడుగుల్లోకి మార్చి ఆయాసపడకండి, లింకుల్లోనే గుణించి సెంట్లు తీయండి. ఏ కొలతలో రికార్డు పుట్టిందో ఆ కొలతలోనే లెక్క కట్టి, ఆఖరున ఒక్కసారి చదరపు మీటర్లకు మార్చండి.

ఇంకో పెద్ద సంగతి. స్థలం తగ్గిందంటే నేరం కొలమానానిది కాకపోవచ్చు, మూలలది కావచ్చు. 36, 60 అడుగుల చొప్పున ఎదురెదురు భుజాలు సమానంగా ఉన్నా, మూల సరిగ్గా మూలమట్టానికి లేకపోతే విస్తీర్ణం తగ్గుతుంది. మూల 90 డిగ్రీల బదులు 75 ఉంటే మీ 240 గజాలు కాస్తా 232 గజాలే. నాలుగు భుజాలు కొలిస్తే ఈ లోపం ఎప్పటికీ బయటపడదు. ఐమూలలు, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలు, కొలవాలి. మీ స్థలానికి రెండు ఐమూలలూ దాదాపు 70 అడుగులు, అంటే 21.33 మీటర్లు రావాలి. ఒకటి 77, ఇంకొకటి 61 వస్తే కొలిచినవాడు ఏ టేపు వాడినా స్థలం తక్కువే. విశాఖలో వాలు కూడా చూసుకోవాలి. మధురవాడ, కొండవాలు లేఅవుట్లలో టేపును నేల మీద పరచి కొలిచేస్తుంటారు. విస్తీర్ణం లెక్కకు కావలసింది సమతలంలో పొడవు. 60 అడుగులకు 10 అడుగులు లేచే వాలులో, నేల మీద 60 కొలిస్తే సమతలంలో 59 అడుగుల 2 అంగుళాలే. టేపును రసమట్టంతో సరిచూసి, అంచెలంచెలుగా అడ్డంగా లాగి కొలవమనండి.

అడుగుల్లో కొలిస్తే మోటు, మీటర్లలో కొలిస్తే సూక్ష్మం అన్న అభిప్రాయం కూడా సరైంది కాదు. దేశమంతటినీ త్రిభుజాలుగా కొలిచిన మహా సర్వేలో భాగంగా 1862లో మన విశాఖపట్నం దగ్గర ఒక ఆధార రేఖను కొలిచారు. వాడినవి పది అడుగుల కడ్డీలు. ఎండకు లోహం సాగి కొలత మారకుండా ఇనుము, ఇత్తడి జతచేసి చేసిన కడ్డీలవి. ప్రమాణం అడుగే, కానీ జాగ్రత్త అంతటిది. ఇప్పుడు మధ్యలో కుంగి వేలాడే మీటరు గుడ్డ టేపును గాలిలో లాగి చదివే మనిషికంటే వాళ్ళ అడుగు వెయ్యి రెట్లు నయం.

ఇక బజారు. ఇక్కడ మీరు గుర్తుంచుకోవలసింది, అంగడిలో వినిపించే అడుగులు, అంగుళాలు చాలావరకు పేర్లే, కొలతలు కావు. ‘రెండు అడుగుల టైలు’ నిజానికి 600 మిల్లీమీటర్లు. రెండు అడుగులు 609.6. పెట్టెలో నాలుగు టైల్స్ ఉంటే 16 చదరపు అడుగులు అని లెక్క కడతారు, నిజంగా పరుచుకునేది 15.5. మీకు 1,200 చదరపు అడుగుల నేల ఉంటే 16 లెక్కన 75 పెట్టెలు సరిపోవాలి. పరిచేటప్పుడు 78 కావాలి, అదీ కోతలో పోయేది కలపకుండా. మూడు పెట్టెల కోసం మళ్ళీ వెళితే అదే రంగు, అదే బ్యాచి దొరకదు. చదరపు అడుగు ధర ఒప్పుకునేటప్పుడు పెట్టె మీద అచ్చువేసిన చదరపు మీటర్లు (1.44) చూసి దాని ప్రకారం డబ్బు కట్టండి. 20 అడుగుల హాలుకు పది టైల్స్ సరిగ్గా వస్తాయని లెక్కేసి, చివర దాదాపు నాలుగు అంగుళాల పట్టీ మిగిలిన ఇళ్ళు ఎన్నో చూశాను. ఆ పట్టీ గుమ్మం దగ్గర పడితే ఇల్లున్నంతకాలం కళ్ళలో గుచ్చుకుంటుంది. ప్లాను దశలోనే టైలు నిజ పరిమాణంతో గది వేసుకుంటే ఆ బాధ ఉండదు.

పైపులు మరీను. ‘అర అంగుళం’ కుళాయి మర బయటి వ్యాసం దాదాపు 21 మిల్లీమీటర్లు. అర అంగుళమంటే 12.7. ఆ పేరు ఏ కాలపు ఇనుప గొట్టం లోపలి రంధ్రానిదో, ఇప్పుడు దేనికీ సరిపోదు. వేడినీళ్ళకు కూడా వాడే ముప్పావు అంగుళం సీపీవీసీ ప్లాస్టిక్ పైపు మీద 20 అని రాసి ఉన్నా బయటి వ్యాసం 22.2, 20 మిల్లీమీటర్ల మామూలు పీవీసీ పైపు బయటి వ్యాసం 20. రెండూ ‘ఇరవై’ అనుకుని తెస్తే ఒకదానికొకటి అతకవు. ఇక్కడ మార్పిడి లెక్కలు పనికిరావు. పాత ముక్క ఒకటి చేతిలో పట్టుకుని అంగడికి వెళ్ళండి, కొత్తది దానిలో దూర్చి చూసి తీసుకోండి.

ఇనుము దగ్గర మాత్రం మెట్రిక్ మీకు మంచి ఆయుధం. చువ్వ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల చువ్వకు 144ను 162తో భాగిస్తే 0.889, 12 మీటర్ల నిండు చువ్వ 10.67 కిలోలు. దింపుకునేటప్పుడు చువ్వలు లెక్కపెట్టి, గుణించి, కాటా చీటీతో పోల్చండి. ఈ మందానికి ప్రమాణం ప్రకారం ఐదు శాతం అటూఇటూ ఉండవచ్చు. అంతకుమించి తేడా వస్తే మందం తక్కువైనా అయ్యుండాలి, కాటా తప్పైనా అయ్యుండాలి. ఇసుక యూనిట్ అంటే 100 ఘనపు అడుగులు, 2.83 ఘనపు మీటర్లు. టన్నుల్లో అమ్మితే ఇంకో లెక్క. తడి ఇసుక ఉబ్బి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, తూకంలో నీటి బరువూ కలుస్తుంది. రెండు పద్ధతుల్లోనూ ఆరిన ఇసుకే తీసుకోవడం తప్ప ఉపాయం లేదు.

ఫ్లాటు కొంటున్న మీ తమ్ముడికి కూడా ఒక మాట చెప్పండి. అతనికి చదరపు అడుగులో చదరపు మీటర్లో అన్నది ప్రశ్నే కాదు, ఏ వైశాల్యం అన్నది ప్రశ్న. 2016 నాటి రెరా చట్టం (ఇళ్ళు, ఫ్లాట్ల అమ్మకాలను నియంత్రించే చట్టం) కార్పెట్ ఏరియాను నిర్వచించింది: లోపల వాడుకోగలిగిన నేల, లోపలి అడ్డుగోడలతో సహా, బయటి గోడలు, బాల్కనీ, పైన ఖాళీ డాబా లెక్కలోకి రావు. అమ్మకందారు చెప్పే ‘సూపర్ బిల్టప్’ అంకెలో మెట్లు, లిఫ్టు, కారిడారు వాటాలన్నీ ఉంటాయి. ఆ అంకెను ఎంత కచ్చితంగా మీటర్లలోకి మార్చినా లోపలి గది పెరగదు.

వాస్తు ప్రకారం ఆయం (గది కొలతలను బట్టి శుభాశుభాలు చూసే లెక్క) కట్టించుకుంటామన్నారు. సిద్ధాంతిగారు హాలుకు 14 అడుగుల 3 అంగుళాలు ఇచ్చారంటే దాన్ని గౌరవించాల్సిందే. ప్లానులో 4,343 అని వేయించండి, 4,350 అని గుండ్రం చేయనివ్వకండి. అంతకంటే ముఖ్యంగా, ఆ కొలత ఇటుక నుంచి ఇటుకకా, పూత అయ్యాక గోడ నుంచి గోడకా అని ఆయననే అడిగి రాసుకోండి. రెండువైపులా పూత వేస్తే దాదాపు అంగుళం తగ్గుతుంది. ఇల్లు పూర్తయ్యాక టేపు పెట్టి చూసి మనసు పాడుచేసుకున్న కుటుంబాలు ఉన్నాయి, ఇటుక పెట్టకముందు అడిగితే ఒక్క నిమిషం పని.

మీ మేస్త్రితో ఎలా నడుచుకోవాలంటే, ఆయనను మీటర్లు నేర్చుకోమని ఒత్తిడి చేయకండి. చేయి తిరిగిన మనిషి అంగుళాల్లో ఆలోచిస్తే అంగుళాల్లోనే మంచి పని చేస్తాడు. ప్లాను గీసినవారిని ఒక కాగితం అడగండి: గదుల లోపలి కొలతలు, తలుపులు, కిటికీలు, అంతస్తు ఎత్తు, మెట్టు ఎత్తు – మిల్లీమీటర్లలో ఒకటి, దాని ఎదురుగా అడుగులు, అంగుళాలు, అంగుళంలో ఎనిమిదో వంతు వరకు. మార్పిడి గీసినవారే చేయాలి, పనిచోట ఎవరూ చేయకూడదు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి సిమెంటు గది తలుపుకు అంటించండి. ఒక వైపు అంగుళాలు, ఇంకో వైపు మిల్లీమీటర్లు ఉన్న 5 మీటర్ల స్టీలు టేపు మీరు, మేస్త్రి, వడ్రంగి ఒకే రకానిది కొనుక్కోండి. దాని కొసన ఉండే కొక్కెం కొద్దిగా కదులుతుంది; పాడైందనుకుని కొట్టి బిగించవద్దు, కొక్కెం మందాన్ని సరిచేయడానికే దాన్ని అలా చేశారు.

పునాది తవ్వకానికి గీతలుగా ముగ్గు పోసే రోజు మాత్రం దగ్గరుండండి. మూలలు సరిచూడటానికి మేస్త్రులు మూడు, నాలుగు, ఐదు అడుగుల లెక్క వాడతారు. పద్ధతి సరైందే, ఏ కొలతలోనైనా పనిచేస్తుంది, కానీ మూడడుగుల త్రిభుజంతో అరవై అడుగుల గోడను నిర్ణయిస్తే చిన్న తేడా చివరకు పెద్దదవుతుంది. అదే 6, 8, 10 మీటర్లతో వేయించండి, తరువాత ఐమూలలు రెండూ కొలిపించి సమానమయ్యాకే తవ్వకం మొదలుపెట్టమనండి. కొలిచిన ఐమూలల అంకెలు, రోడ్డు వెడల్పు ఇక్కడ రాస్తే చూసి చెబుతాను.